పావుగంట ఖాళీలో ఆన్‌లైన్ స్వచ్ఛంద సేవ: ఏడు నెలల నా అనుభవం

గత డిసెంబరు చివరలో అమ్మ జారిపడి తుంటి ఎముక విరగడంతో శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. జనవరి మొదటి వారంలో ఇంటికి తీసుకువచ్చినప్పటి నుంచి ఆమె పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండక తప్పలేదు, ఆ ఒకరు నేనే అయ్యాను. ఉద్యోగం ఇంటి నుంచే చేసుకునే వెసులుబాటు ఉన్నా, రోజులో నాకంటూ మిగిలేది ముక్కలు ముక్కలుగా దొరికే సమయమే. మందు వేసుకున్నాక ఆమెకు నిద్ర పట్టిన తరువాత ఒక పావుగంట, వ్యాయామం చేయించే ఆవిడ వచ్చినప్పుడు ఒక ఇరవై నిమిషాలు, రాత్రి పడుకోబోయే ముందు మరో పావుగంట ఉండేవి. ఆ ముక్కల్లో ఫోను తెరిచి, మూసిన మరుక్షణం ఒక్కటీ గుర్తుండని వాటిని చూస్తూ కూర్చోవడం నాకే వెగటు పుట్టించింది. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ముక్కూమొహం తెలియనివాళ్ళు మాకు ఎన్నో చిన్న సాయాలు చేశారు. వరుసలో నా చోటు కాపాడినవారు ఒకరు, అర్ధరాత్రి ఫోను చార్జరు ఇచ్చినవారు మరొకరు. ఇల్లు కదలకుండానే అటువంటిదేదైనా నేనూ చేయవచ్చునా అన్న ఆలోచనతో జనవరి 8న వెతకడం మొదలుపెట్టాను.

జనవరి 8 నుంచి 12 లోపల మూడు సేవాసంస్థలకు దరఖాస్తు చేశాను. మూడింటి ప్రకటనల్లోనూ "మీకు వీలైనప్పుడు, ఇంటి నుంచే" అన్న మాట ఉంది. మొదటి సంస్థకు 10వ తేదీన పంపిన దరఖాస్తును నింపడానికే మూడు విడతల్లో 50 నిమిషాలు పట్టింది. చదువు, పాత అనుభవం, మన గురించి చెప్పగల ఇద్దరి వివరాలు రాశాక, తమ సంస్థనే ఎందుకు ఎంచుకున్నామన్న ప్రశ్నకు 300 పదాల జవాబు కూడా రాయాలి. మధ్యలో అమ్మ పిలిచిందని లేచి వెళ్ళి వచ్చేసరికి పేజీ గడువు తీరిపోయి రాసినదంతా చెరిగిపోయింది. అప్పటి నుంచి జవాబులన్నీ ముందుగా వేరేచోట రాసి పెట్టుకుని, తరువాత తెచ్చి అతికించడం అలవాటు చేసుకున్నాను. రెండో సంస్థ మూడు రోజులకే జవాబిచ్చింది గానీ, వారానికి 6 గంటల చొప్పున ఆరు నెలల పాటు చేస్తానని మాట ఇవ్వమంది. మూడో సంస్థ గుర్తింపు కార్డు నకలుతో పాటు బ్యాంకు ఖాతా వివరాలు కూడా అడిగింది. పిల్లలతోనో ఒంటరి వృద్ధులతోనో మాట్లాడే పనికి గుర్తింపు అడగడం న్యాయమే, అడగకపోతేనే నేను అనుమానించేవాణ్ణి. కాని ప్రచార పత్రాల్లో అక్షరదోషాలు దిద్దే పనికి బ్యాంకు ఖాతాతో అవసరమేమిటని రాస్తే సమాధానం రాలేదు, నేనూ వివరాలు పంపలేదు. మొదటి సంస్థ నుంచి 35 రోజుల తరువాత, ఫిబ్రవరి 14న, పిలుపు వచ్చింది. ఫలానా రోజు ఫలానా వేళకు గంటన్నర పాటు కెమెరా ముందు కూర్చుంటే పరిచయ సమావేశం జరుపుతామని అందులో ఉంది. గంటన్నర కదలకుండా కూర్చోగలిగితే నేను ఇంతగా వెతుక్కునేవాణ్ణే కాను.

"వీలైనప్పుడు" అన్న మాటకు వాళ్ళ అర్థం వేరు, నా అర్థం వేరు అని ఆ పిలుపు రాకముందే, రెండో సంస్థ జవాబుతోనే బోధపడింది. వారంలో ఏ రోజైనా సరే, కూర్చున్నప్పుడు మాత్రం కుదురుగా కూర్చోవాలన్నది వారి ఉద్దేశం. ఎప్పుడు లేవవలసి వస్తుందో తెలియని పావుగంట మాత్రమే నా చేతిలో ఉంది. ఇందులో వారి తప్పు లేదు. ఒక మనిషికి పని నేర్పి, అప్పగించి, తిరిగి తీసుకుని, సరిచూసుకోవడానికి అవతల మరో మనిషి కూర్చోవాలి, పావుగంట మనిషి కోసం అంత శ్రమ పడటం వాళ్ళకు గిట్టుబాటు కాదు. అందుకే పనిని ముందుగానే చిన్న ముక్కలుగా కోసి పెట్టి, ఒకరు వదిలేసినది మరొకరు అందుకునేలా ఏర్పాటు చేసిన చోట్లనే వెతకాలని నిశ్చయించుకున్నాను.

జనవరి 19న జూనివర్స్ తెరిచాను. 2007లో గెలాక్సీల చిత్రాలను మామూలు మనుషుల చేత వర్గీకరింపజేసిన గెలాక్సీ జూ నుంచి పెరిగి, 2009 డిసెంబరులో ఆ పేరుతో మొదలైన వేదిక ఇది. దీన్ని సేవాసంస్థ అనడం కన్నా పరిశోధకులకు చేయూత అనడమే సరైనది. ఖాతా తెరవకుండానే పని మొదలుపెట్టనిస్తారు, దరఖాస్తులతో విసిగి ఉన్న నాకు అదే పెద్ద ఊరట. అడవిలో పెట్టిన కెమెరాల ముందు కదలిక కలిగినప్పుడు వాటంతట అవే తీసిన ఫొటోల్లో ఏ జంతువు ఉందో, ఎన్ని ఉన్నాయో చెప్పాలి. మొదటి రోజు 14 ఫొటోలు చూస్తే 11 ఫొటోల్లో గాలికి ఊగిన గడ్డి తప్ప మరేమీ లేదు. ఇదేమి పని అని మొదట నిరుత్సాహపడ్డాను. తరువాత టాంజానియాలోని సెరెంగెటి జాతీయ వనంలో 225 కెమెరాలతో చేసిన ఇటువంటి పని గురించి చదివాను. అక్కడ పోగైన సుమారు 12 లక్షల ఫొటో వరుసల్లో జంతువులు ఉన్నవి దాదాపు 3.2 లక్షలేనని తెలిశాక, "ఇందులో ఏమీ లేదు" అని చెప్పడమే ఆ పనిలో పెద్ద భాగమని అర్థమైంది. ఒకే ఫొటోను చాలామందికి చూపించి, ఎక్కువమంది చెప్పిన జవాబునే తీసుకుంటారు కాబట్టి నా పొరపాటు వల్ల కొంపలు మునగవు. అయితే, నేను లేకపోయినా ఆ ఫొటోను మరొకరు చూస్తారన్న ఎరుక కూడా అందులోనే ఉంది. రెండు వారాలు సంతోషంగా చేశాను గానీ, మనసు మాత్రం మనుషులకు తగిలే పనినే కోరుకుంది.

అలా ఫిబ్రవరి 2న, ఎవరైనా గీయగల ఉచిత ప్రపంచ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో సహాయ పనుల కోసం పటాలు గీయించే హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ వారి పనిలోకి వచ్చాను. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు, రాజధానికి సరైన వీధి పటం కూడా లేని స్థితిలో, ఎక్కడెక్కడివాళ్ళో ఇళ్ళలో కూర్చుని ఉపగ్రహ చిత్రాల మీద వీధులు గీసి సహాయ బృందాలకు అందించిన ఉదంతం నుంచి ఈ సంస్థ రూపు దిద్దుకుంది. 2014లో రెడ్‌క్రాస్, సరిహద్దులు లేని వైద్యుల సంస్థలతో కలిసి మిస్సింగ్ మ్యాప్స్ అనే కార్యక్రమం కూడా మొదలైంది, ఆపద వచ్చాక కాకుండా రాకముందే పటాలు సిద్ధం చేయడం దాని ఉద్దేశం. ఒక ప్రాంతాన్ని గళ్ళుగా విభజించి పెడతారు. మనం ఒక గడిని తీసుకుని, అందులో కనబడే ప్రతి ఇంటి చుట్టూ గీత గీయాలి.

ఈ పని ఫోనులో కాదని, మౌసు లేకపోతే లాప్‌టాప్‌లోనూ కష్టమేనని మొదటి రోజే తేలింది. నేర్చుకోవడానికి నాకు పట్టిన సమయం మొత్తం రెండున్నర గంటలు, అంటే నా లెక్కలో తొమ్మిది రోజులు. పావుగంటలో చేయదగిన పని అంటారు గానీ, ఆ పావుగంటకు ముందు కొన్ని గంటల నేర్పు పెట్టుబడిగా పెట్టాలన్న సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేది. నాలుగు మూలలూ చుక్కలు పెట్టి, కీబోర్డు మీద Q నొక్కితే వంకర గీత చదరమవుతుంది, O నొక్కితే గుడిసెల కోసం గుండ్రమవుతుంది. ఈ రెండు మీటలూ తెలియక మొదటి మూడు రోజులు ప్రతి మూలనూ చేత్తో సర్దుతూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 11న నా మొదటి గడిని తీసుకున్నాను. ఒకసారి మన పేరిట తీసుకుంటే రెండు గంటల వరకు దాన్ని మరొకరికి ఇవ్వరు. ముప్పై ఇళ్ళు గీశాక అమ్మకు ఒంట్లో బాగులేకపోవడంతో అలాగే వదిలి లేచాను, తిరిగి వచ్చేసరికి నాలుగు గంటలకు పైగా గడిచిపోయాయి. గీసినవన్నీ నా లాప్‌టాప్‌లో భద్రంగానే ఉన్నాయి కదా అని సంతోషించి ఒక్క నొక్కుతో పైకి పంపేశాను. ఆ మధ్యలో గడువు తీరి, గడి మరొకరి చేతికి వెళ్ళి, వారు కూడా ఆ ఇళ్ళనే గీసి వెళ్ళారని నేను గమనించలేదు. 18 రోజుల తరువాత, మార్చి 1న, అనుభవజ్ఞులైన ఒకరు ఆ గడిని సరిచూసి "ఇంకా పని కావాలి" అని తిప్పిపంపారు. ఇళ్ళు రెండేసిసార్లు ఉన్నాయని, పైగా నేను గీసినవన్నీ పైకప్పు అంచుల వెంట ఉన్నాయే తప్ప ఇంటి పునాది మీద లేవని వారు రాశారు. ఉపగ్రహం నిటారుగా కాక కొంచెం పక్కనుంచి చూస్తుంది కాబట్టి పైకప్పు నిజమైన చోటు నుంచి జరిగి కనబడుతుంది, కప్పు ఆకారాన్ని గీసి దాన్ని గోడల మొదలు దగ్గరకు జరపాలి. ఎదురుగా ఉన్న ఒక ఇంటి చిత్రాన్ని జతచేసి బాణం గుర్తుతో చూపించారు. మర్యాదగానే రాశారు, అయినా చదివిన పూట నాకు అన్నం సయించలేదు. నిద్ర ఆపుకుని, నడుము నొప్పి ఓర్చుకుని చేసినది తప్పని తేలడం ఒక బాధ, దాన్ని సరిదిద్దడానికి తెలియని మనిషి సమయం నా వల్ల ఖర్చు కావడం మరో బాధ. కొన్ని ప్రాంతాల్లో టీకాలు వేయడానికీ దోమల మందు చల్లడానికీ వెళ్ళేవాళ్ళు ఈ ఇళ్ళ లెక్కను చూసుకునే బయలుదేరుతారు కాబట్టి, రెండుసార్లు గీసిన ముప్పై ఇళ్ళు వాళ్ళకు లేని ముప్పై కుటుంబాలను చూపిస్తాయి. ఆ మాట తెలిశాక మాత్రం నా బాధ పక్కకు తప్పుకుని, తిప్పిపంపినందుకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. మూడు పావుగంటలు పెట్టి జంట ఇళ్ళన్నీ తీసేసి, మిగిలినవి సరిచేసి, కృతజ్ఞతలు రాశాను.

తరువాత తెలిసిన రెండు విషయాలు నా పనిని గట్టెక్కించాయి. మొదటిది, పది ఇళ్ళు గీయగానే పైకి పంపడం, ఎప్పుడు లేవవలసి వచ్చినా గడిని వెంటనే వదిలేయడం. మిగిలింది ఎవరైనా పూర్తి చేస్తారు, సగంలో వదలడం ఇక్కడ తప్పు కాదు. రెండోది, గడి పెద్దదిగా ఉంటే దాన్ని నాలుగు చిన్న గళ్ళుగా చీల్చే వీలు ఉండటం. ఏప్రిల్ వచ్చేసరికి ఒక చిన్న గడిని 20 నిమిషాల్లో ముగించగలుగుతున్నాను. ఒకనాడు అమ్మ మంచం మీద కూర్చుని తెరవైపు చాలాసేపు చూసి, "వీళ్ళ ఇళ్ళకు గుమ్మాలు ఎటున్నాయిరా?" అని అడిగింది. పైనుంచి గుమ్మం కనబడదమ్మా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, తెల్లగా అరిగిన కాలిబాటను వేలితో చూపించి, అది ఎక్కడ ఆగిందో గుమ్మం అక్కడే ఉంటుందని చెప్పింది. ఆ తరువాత చెట్ల కింద దాగిన ఇళ్ళను వెతకవలసినప్పుడల్లా నేను ముందు కాలిబాటల వెంటే వెళ్ళాను, నాలుగైదు చోట్ల ఆకుల మధ్య కప్పు అంచు నిజంగానే దొరికింది. గుమ్మాన్ని పటంలో గీయరు, అది వేరే సంగతి.

మొదటి గడిని తీసుకున్న రోజునే ఫోనులో బీ మై ఐస్ యాప్ కూడా పెట్టుకున్నాను. చూపు తక్కువగా ఉన్న హాన్స్ యోర్గన్ వీబర్గ్ అనే డెన్మార్క్ ఆయన ఆలోచనతో 2015 జనవరిలో మొదలైనది ఇది. చూపు లేనివారు తమ ఫోను కెమెరాను ఎదుటి వస్తువు వైపు తిప్పి పిలిస్తే, అవతల ఉన్న వాలంటీరు అదేమిటో చూసి చెప్పాలి. మన ముఖం వారికి వెళ్ళదు, గొంతు మాత్రమే వెళుతుంది. చేరడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇక అప్పటి నుంచి ఎదురుచూపే. సాయం కోరేవారి కన్నా చేస్తామన్నవారు ఎన్నో రెట్లు ఎక్కువమంది కావడంతో ఒక పిలుపు ఒకేసారి చాలామంది ఫోన్లకు వెళుతుంది, ముందు ఎత్తినవారికి దక్కుతుంది. మార్చి 6న మొదటిసారి మోగినప్పుడు నా చేతులు తడిగా ఉన్నాయి, తుడుచుకుని తాకేసరికి మరొకరు ఎత్తేశారని తెరమీద వచ్చింది. మార్చి 29న రెండోసారీ అంతే. నిజం చెప్పాలంటే మొదట కొంచెం ఉక్రోషం కలిగింది, కాని పిలిచినవారికి అప్పటికే జవాబు దొరికిందన్నదే కదా దాని అర్థం అని సర్దిచెప్పుకున్నాను.

65 రోజుల తరువాత, ఏప్రిల్ 17 ఉదయం పదకొండు దాటాక, మూడోసారి మోగిన పిలుపు నాకు అందింది. "హలో, వినబడుతోందా అండీ?" అని ఒక పెద్దావిడ గొంతు. వినబడుతోందండీ, చెప్పండి అన్నాను. ఆమె ముందున్న బల్ల మీద బొటనవేలంత సీసాలు రెండు ఉన్నాయి. ఒకటి కంట్లో వేసుకునే చుక్కల మందు, మరొకటి చెవిలో వేసుకునేది. గుర్తు కోసం కంటి మందు మూతకు రబ్బరు బ్యాండు చుట్టి పెట్టుకున్నానని, అది ఎక్కడో ఊడిపోయిందని చెప్పారు. మొదటి సీసాను కెమెరాకు మరీ దగ్గరగా పెట్టడంతో అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి. "కొంచెం కుడివైపుకు" అన్నాను, ఆమె ఫోనును జరిపారు, నేనన్నది సీసాను. రెండుసార్లు అలా తడబడ్డాక, ఏ వస్తువును జరపాలో ముందు చెప్పి, ఎటు జరపాలో తరువాత చెప్పాలని గ్రహించాను. లైటు వెలుగు సీసా మీద పడి పేరు మీదే మెరుస్తోంది, వేళ్ళ మధ్య మెల్లగా తిప్పమంటే తిప్పారు. పేరును ఒక్కొక్క అక్షరమే చదివాను, గడువు తేదీ కూడా చదివాను. రెండో సీసాకూ అంతే చేసి, పొరపాటుకు తావు ఉండకూడదని మొదటిదాన్ని మళ్ళీ చూపించమన్నాను. "అయితే ఇది కంటిది" అంటూ ఆమె మరో రబ్బరు బ్యాండు తీసి, తెరమీద నేను చూస్తుండగానే మూతకు రెండు చుట్లు చుట్టి, లాగి చూసి, "ఈసారి ఊడదులెండి, ఉంటానండీ" అని పెట్టేశారు. మొత్తం నాలుగు నిమిషాలు. ఫోను పక్కన పెట్టాక నా చేతులు వణుకుతున్నాయి. నా పని ఎవరి చేతికి అందిందో మొదటిసారి కళ్ళారా చూసింది ఆ నాలుగు నిమిషాల్లోనే.

మే నెలలో డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ వారి దగ్గర కూడా చేరాను. పాత పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా అందించే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ కోసం, స్కాన్ చేసిన పేజీలను కంప్యూటర్ అక్షరాలుగా మార్చినప్పుడు దొర్లిన తప్పులను పేజీకి ఒకరు చొప్పున దిద్దే సమూహం ఇది, 2000 నుంచి నడుస్తోంది. పావుగంట మనిషికి అతికినట్టు సరిపోయే పని అంటే ఇదే, ఒక పేజీ తీసుకుంటే ఎనిమిది పది నిమిషాల్లో అయిపోతుంది. మన తరువాతి దఫాలో మరొకరు అదే పేజీని చూసినప్పుడు మనం వదిలేసిన తప్పులు మనకు కనబడతాయి, నేను వదిలేసినవి ఎక్కువగా పూర్ణవిరామాలూ కామాలే. నిబంధనల పత్రం పెద్దది, దాన్ని ఒకేసారి చదవబోయి విరమించుకుని, సందేహం వచ్చినప్పుడల్లా ఆ భాగం మాత్రమే చూసుకున్నాను. నిశ్శబ్దంగా, ఎవరి పిలుపూ లేకుండా సాగే పని కావడం వల్ల రాత్రి పావుగంటను దీనికే కేటాయించాను.

డబ్బు ఖర్చు అంటే ఒక మౌసు కొనడమే. అనుకోని ఖర్చు డేటాది, ఉపగ్రహ చిత్రాలు గడి గడికీ కొత్తగా దిగుతాయి కాబట్టి ఫోను డేటాతో చేసిన రోజుల్లో అది మధ్యాహ్నానికే అయిపోయేది. మార్చిలో కుడి మణికట్టు నొప్పి పెట్టడంతో పది రోజులు గీయడం ఆపాను, ఆ తరువాత ఒక పూటకు ఒక గడే అని హద్దు పెట్టుకున్నాను. జూన్‌లో ఆశకొద్దీ మరో మూడు చోట్ల చేరి, ప్రతి చోటా నిబంధనలు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటూ, పావుగంటంతా ఎక్కడ ఏముందో గుర్తు తెచ్చుకోవడానికే సరిపోతోందని రెండు వారాల్లో వదిలేశాను. చెప్పాపెట్టకుండా మానేయడం నాకు నచ్చక, ఒకచోట నాకు పని చూపించినవారికి రెండు వాక్యాలు రాశాను. ముందుగా చెప్పినందుకు సంతోషమని గంటలోపే జవాబు వచ్చింది, చెప్పకుండా మాయమయ్యేవారే ఎక్కువట.

ఆగస్టు 10 నాటికి నా లెక్క ఇది: గడులు 64, వాటిలో తిరిగి వచ్చినవి 5, దిద్దిన పేజీలు 41, ఎత్తిన పిలుపులు 3. రెండో పిలుపు ఒక చొక్కా రంగు కోసం, మూడోది ఉత్తరం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చదవడం కోసం. అమ్మ ఇప్పుడు చేతికర్రతో గుమ్మం దాకా నడుస్తోంది, మధ్యాహ్నాలు గంటసేపు నిద్రపోతోంది. జనవరిలో వారానికి 6 గంటలు అడిగిన సంస్థకు మొన్న మళ్ళీ రాశాను, 4 గంటలైతే నవంబరు నుంచి మాట ఇవ్వగలనని. జవాబు ఇంకా రాలేదు.